క్యాసెట్ రెండోవైపు

ఆ ఏడు కార్గిల్ కొండల్లో యుద్ధం, ఇంగ్లండులో క్రికెట్ ప్రపంచకప్పు ఒకేసారి నడిచాయి. నేను ఖతార్‌లో, ఉమ్ సలాల్ దగ్గరి ఒక క్యాంపులో ఉంటూ ఇనుప చువ్వలు కట్టే పని చేసేవాణ్ణి. తమ్ముడు ఫౌజులో ఉన్నాడు. సెలవు మీద ఇంటికొచ్చినవాణ్ణి మధ్యలోనే వెనక్కి పిలిచారు. ఎక్కడికో అమ్మకు చెప్పలేదు. పేపరు చూసేవాళ్లకు వేరే చెప్పాలా.

మావాళ్లకు ఉత్తరాల కంటే క్యాసెట్లే అలవాటు. సెలవు నుంచి తిరిగొచ్చేవాడి చేతికి ఇంటివాళ్లు మాటలు నింపి ఇచ్చేవాళ్లు. విన్నాక దానిమీదే మన జవాబు రికార్డు చేసి, ఊరికి పోయేవాడి చేత పంపాలి. అట్లా తిరిగి తిరిగి నా క్యాసెట్ మీద ఏ వైపు ఏదో చెప్పే అక్షరాలు అరిగిపోయాయి. ఆ జూన్‌లో వచ్చినప్పుడు ఒకవైపు అమ్మ మాట్లాడింది. "రెండో దిక్కు తమ్ముడు మాట్లాడిండు బిడ్డా. నన్ను బయటికి పొమ్మన్నడు, నీకొక్కనికే జెప్పాల్నట," అంది చివర్లో. నేను అక్కడే ఆపేశాను. ఒక్కరోజే అంతా వినేస్తే మళ్లీ నెలల దాకా ఏముంటుంది? శుక్రవారానికి ఒకవైపు చాలనుకున్నాను. అంత పిసినారివాణ్ణి.

మంగళవారం ఇండియా, పాకిస్తాన్ మ్యాచ్. నాకు డ్యూటీ, దానిమీద ఓవర్‌టైమ్. రేడియో ఉన్న టేప్ రికార్డర్ క్యాంపులో ఒక్కరి దగ్గరే ఉండేది, నీళ్ల ట్యాంకరు నడిపే పెషావరు ముసలాయన దగ్గర. యుద్ధం మొదలయ్యాక మావాళ్లు కొందరు ఆయనతో మాటలు మానేశారు. నేను మానలేదు గానీ, తమ్ముడు ఫౌజీ అని మాత్రం చెప్పలేదు. పొద్దున పనికి పోతూ క్యాసెట్ ఇచ్చి, చివరి ఓవర్లు రికార్డు చెయ్యమని అడిగాను. ఏ వైపో నేనే వేలితో చూపించాను. "ఈ దిక్కు విన్నదే చాచా."

బస్సు దిగేసరికి ఇండియా గెలిచింది. తన జట్టు ఓడిపోతున్నా ముసలాయన టేపు ఆపకుండా కూర్చున్నాడట. "పూరా భర్ దియా బేటా," అని, ఆ వైపంతా నింపేశానంటూ క్యాసెట్, టేప్ రికార్డర్ రెండూ ఇచ్చాడు. గదిలో అందరం విన్నాం. అందరికంటే నేనే ఎక్కువ అరిచాను. ఆ ఊపులో శుక్రవారం దాకా ఆగబుద్ధి కాలేదు. తమ్ముడి కోసం క్యాసెట్ తిప్పాను. అమ్మ మాట్లాడింది.

మళ్లీ తిప్పాను. మ్యాచ్. ఒక్క మాటైనా మిగిలిందేమోనని చెవి ఆనించి చివరిదాకా విన్నాను. జనం కేకలే. చాచాకు చెప్పక తప్పలేదు. తమ్ముడు ఎక్కడున్నాడని అడిగితే అదీ చెప్పాను. ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామనుకున్నా రాలేదు. చూపించిన నా వేలును నరుక్కోవాలనిపించింది.

వాడు తిరిగొస్తే మళ్లీ చెప్పించుకోవచ్చని రోజూ మొక్కుకున్నాను. నెల తిరక్కుండానే కబురొచ్చింది, వాడు లేడని. నేను ఫోన్ చేస్తే ఊళ్లో ఫోన్ బూత్‌కు అమ్మను పిలిపించారు. చాలాసేపు ఏడుపే వినిపించింది.

"దుబాయ్ల ఉన్నవు, కడసూపు గూడ దక్కలే నీకు," అంది తర్వాత. గల్ఫ్‌లో ఏ దేశమైనా అమ్మకు దుబాయే. "వాడు నీకేం జెప్పిండో నాకెరుక లేదు. గదైతే జెయ్యి బిడ్డా."

"జేస్తనే అమ్మా," అన్నాను.