ఊపిరి మిషన్‌కు కొత్త హెడర్

మొన్న ఆయాసమెక్కువై కర్నూలులో ఒక ఆసుపత్రికి పోతే, అక్కడి పిల్ల నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కుకు క్లిప్పు పెట్టి, నోటికి గొట్టం అందించి, గట్టిగా ఊదు తాతా అంది. గొట్టం నోట్లో పెట్టుకున్నానే గానీ నాకు ఊదబుద్ధి కాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగితే ఆ పిల్ల నొప్పి అనుకొని మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. అటువంటి గొట్టంలో మా అన్న ఒక్కసారైనా ఊదలేదన్న సంగతి ఆ పిల్లకు చెప్పి ఏం లాభం?

నా ఈడు వాళ్ళకు ఫ్లాపీల కాలం గుర్తుండే ఉంటుంది. అప్పట్లో నేను కర్నూలులో ఒక మేడ మెట్ల కింద కంప్యూటర్లు బాగుచేసే కొట్టు పెట్టుకొని ఉండేవాణ్ణి. లోపలికి రావాలంటే ఎంతటివాడైనా తల వంచాల్సిందే గనుక వచ్చినవాళ్ళందరూ నాకు నమస్కారం పెడుతున్నట్టే ఉండేది గానీ, నా సంపాదన తెలిసినవాళ్ళెవరూ ఆ పొరపాటు పడేవారు కాదు. కోడుమూరు దగ్గరి మా మెట్ట చేను వరుస కరువులతో విత్తనం కూడా తిరిగి ఇవ్వకపోయేసరికి, మా అన్న కూడా కర్నూలుకే వచ్చి ఊరి బయట పలుగురాళ్ళను పిండి చేసే మిల్లులో చేరాడు. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల దాకా తెల్లగా ఉండేవాడు, వదిన ఆయన్ను వాకిట్లోనే నిలబెట్టి నీళ్ళు పోసేది. కొన్నేళ్ళకు దగ్గు పట్టుకుంది. రాతి పిండి పీల్చినవాడికి వచ్చే దగ్గు ఏమిటో మా పేటలో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు.

ఆ మిల్లులో ఒక చిన్న వైద్యం గది, అందులో మనిషి ఊదితే ఊపిరితిత్తుల బలమెంతో కాగితం మీద గీసి చూపే మిషను, దాన్ని నడిపే కంప్యూటరు ఉండేవి. ఒక వేసవిలో, అన్న వంతు ఇంకా రాకముందే, కరెంటు ఎక్కువై ఆ కంప్యూటరు లోపలున్న పాత వివరాలతో సహా కాలిపోయింది. కొత్తది తెచ్చారు, అది ఫ్లాపీలో మిగిలిన పాత ప్రోగ్రామును ఎక్కించుకోనంది. మిషను అమ్మినవాళ్ళు వ్యాపారమే ఎత్తేశారు. అప్పుడు మా అన్న యజమాని దగ్గరికి పోయి, మా తమ్ముడుండాడు సార్, వాడు చూస్తాడు అని నా పేరు చెప్పాడు. నేను ఒప్పుకున్నది యజమాని కోసం కాదు. ఆ మిషను నడిస్తే అన్న ఛాతీలో ఏముందో ముదరకముందే తెలుస్తుందన్న ఒక్క ఆశతో ఒప్పుకున్నాను.

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, నా జీవితంలో నేను గర్వపడిన పని ఇదొక్కటే. ఏ ప్రోగ్రాము ఫైలుకైనా మొదట్లో హెడర్ అని కొంత భాగం ఉంటుంది. నేను ఫలానా రకం, నన్ను ఫలానా చోట దించండి, ఫలానా చోటి నుంచి మొదలుపెట్టండి అని అది కంప్యూటరుకు చెప్పుకుంటుంది. పాత కంప్యూటరు ఒక రకం హెడర్ చదివేది, కొత్తది ఇంకో రకం చదివేది. లోపలి సరుకు రెండింటికీ అర్థమయ్యేదే, అయినా మొదటి అక్షరాలు చూసి కొత్తది గడపలోనే పొమ్మనేది. పాత హెడర్‌ను తీసేద్దామా అంటే ప్రోగ్రాముకు తన వస్తువులు ఎక్కడున్నాయో చెప్పేది అదే. అందుకని కొత్త రకం హెడర్ ఒకటి చేత్తో కట్టి, పాత ఫైలును దాని హెడర్‌తో సహా దాని కడుపులో పెట్టాను. వచ్చిన కవరును విప్పకుండా ఇంకో కవరులో పెట్టి పైన కొత్త చిరునామా రాసినట్టన్నమాట. లోపలి హెడర్‌ను చదివి, పాతదాన్ని దాని చోట దించి, పని అప్పజెప్పి పక్కకు తప్పుకోవడానికి ఒక చిన్న తునక కూడా రాశాను. ఒక్క అంకె తప్పితే తెర నల్లబడిపోయేది, మళ్ళీ మొదటికొచ్చేది. చివరికి నడిచింది. మా అన్న నా వెనకాలే నిలబడి, చచ్చినదాన్ని లేపినాడు మా తమ్ముడు అని కనబడ్డవాడికల్లా చెప్పుకున్నాడు.

లేచింది సరే, ఎవరికోసం లేచిందో తరువాత తెలిసింది. ఊపిరి తక్కువ చూపిన వాళ్ళను యజమాని ఇంట్లో విశ్రాంతి తీసుకోమని పంపడం మొదలుపెట్టాడు. విశ్రాంతి అంటే పని పోవడమే. మొదట పోయినవాడు మా వీధివాడే. మూట ఎత్తలేని మనిషిని ఇంకెవరూ పనిలో పెట్టుకోక, అరుగు మీద కూర్చొని రోజంతా దగ్గేవాడు. అన్న రోజూ ఆ అరుగు ముందరి నుంచే పనికి పోయేవాడు.

అన్న వంతు వచ్చింది. కాగితం చూస్తే గీత నిటారుగా, పడుచువాడి ఊపిరిలా ఉంది. నా సంతోషం ఇంతా అంతా కాదు. నీకేం లేదు, ఆ బీడీలే నీకు దయ్యాలు, మానెయ్ అని అన్నను అందరి ముందూ కోప్పడ్డాను. ఆయన నవ్వబోయి దగ్గాడు, వదిన లోపలికి పోయింది. ఆ మర్నాడు మళ్ళీ మిల్లుకు పోయాడు. ఏటా ఊదడం, ఏటా అదే గీత.

గీత అట్లాగే ఉంది గానీ మనిషి అట్లా లేడు. ఇంటి మెట్లెక్కలేడు, పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకొని కూర్చొనే నిద్రపోయేవాడు. నాకు నా పని మీదే అనుమానం వచ్చింది. నేను చుట్టిన హెడర్ వల్ల లోపల ఏదో అంకె జరిగిపోయి, మిషను అందరికీ లేని ఊపిరి చూపుతోందేమో, మా అన్నను నేనే చంపుతున్నానేమో అని అన్నం సహించలేదు. పోయి లోపలి ఫైలును పాత ఫ్లాపీలోని దానితో అక్షరం అక్షరం పోల్చాను. నేను ఊదాను, ముసలి కాపలావాడితో ఊదించాను. ఎవరిది వాళ్ళకు సరిగ్గానే వచ్చింది, మనిషికీ గీతకూ పొంతన లేనిది ఒక్క మా అన్న కాగితాల్లోనే. ఆ మాటే వదినతో అంటే, జొన్నరొట్టె తడుతున్న చేయి ఆపింది.

“మీ అన్న ఊదల్యా అప్పా. మా అన్న ఊదినాడు. నీ మిషన్ది తప్పేం ల్యా.”

వదిన అన్న, అంటే మా బావ, వేంపల్లె దగ్గర సేద్యం చేసే బలమైన మనిషి. పరీక్ష రోజుకు బస్సెక్కి వచ్చి, ముఖానికింత రాతిపిండి పూసుకొని, తలకు టవలు చుట్టుకొని, మా అన్న పేరు పిలిస్తే పోయి ఊది వచ్చేవాడట. ఆ పిండిలో అందరూ ఒకటే. ఏటా మారే డాక్టరుకు ఏ ముఖం తెలుసు? నేను ఫైలుకు చేసిన పనే వాళ్ళు మనిషికి చేశారు. ముందు కోపం వచ్చింది, ఎవరి మీద కోపపడాలో తెలియక తరువాత ఏడుపు వచ్చింది. అన్న గోడకానుకొని నా వైపు చూస్తూ, పనిపోతే యాడికి పోదాంరా అన్నాడు.

ఆ వేసవి దాటలేదు ఆయన. దుమ్ము జబ్బుతో పోయినవాళ్ళ ఇళ్ళకు సాయమేదో ఇస్తారంటే వదిన సర్కారు ఆఫీసుకు పోయింది. అక్కడి ఆయన చెడ్డవాడేం కాదు, కాగితాలన్నీ తిరగేసి, నీ మొగుడి ఊపిరితిత్తులు కడదాకా బాగున్నాయమ్మా అన్నాడు. కాదని చెప్తే తన అన్నను కేసులో ఇరికించినట్టవుతుంది. లేచి వచ్చి, నా కొట్టు మెట్ల కింద వంగి నిలబడి, ఆ మిషన్లో మీ అన్నది ఒక్కటన్నా ఉంటాదేమో చూడప్పా అని అడిగింది. పోయి అంతా వెదికాను. ఆయన పేరు మీద ఉన్నవన్నీ బావవే.

ఇప్పుడు కాలం మారింది. మొన్న ఊదేముందు కెమెరాలో నా ముఖం పట్టుకొని గానీ గొట్టం ఇవ్వలేదు, ఒకరి బదులు ఒకరు ఊదే వీలే లేదు. మంచిదే. ఆనాడు ఇదే ఉంటే అన్న మొదటి ఏడాదే దొరికిపోయి, పని పోయి, ఇంకొన్నేళ్ళు మా మధ్య ఉండేవాడేమో. ఏం తిని ఉండేవాడో మాత్రం ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నా నాకు అంతుపట్టదు. మన కాలంలో మనిషికి తన ఊపిరి తనదని చెప్పుకునే దారి కూడా లేకపోయింది గదా అనిపిస్తుంది. ఆ రోజు నేను వెదికి, అన్నది ఒక్కటీ లేదు వదినా అని చెప్తే, ఆమె, “పోనీ, మా అన్నదే ఒకటి ఇయ్యప్పా, పేరన్నా ఆయన్ది ఉండాది గదా” అంది. ప్రింటు తీసి ఇచ్చాను.