చిల్లంగి పుస్తకంలోని పేర్లు

2021లో నేను రాజమండ్రిలో ఇంటినుంచే ఒక డైలీ సీరియల్‌కి రీసెర్చ్ రైటర్‌గా పనిచేసేదాన్ని. కథలో ఏ క్షుద్రశక్తి ఎలా పుట్టింది, దేనికి లొంగుతుంది అన్నవన్నీ ఒకచోట రాసిపెట్టుకుంటాం. దాన్ని మావాళ్లు స్టోరీ బైబిల్ అంటారు. అది తయారుచేయడం నా పని. కల్పన అడుగున కాస్త నిజం ఉండాలని మా దర్శకుడి పట్టుదల. అందుకని పాత మంత్రాల పుస్తకాలు ఎవరి దగ్గరున్నాయో వాకబు చేస్తుండేదాన్ని.

కోరుకొండ దగ్గర ఒక ఊళ్లో, రిటైరైన టీచరు సత్యవతిగారి ఇంట్లో ఒకటి ఉందని తెలిసి వెళ్లాను. వాళ్ల తాతగారు చుట్టుపక్కల పేరున్న మంత్రగాడు. సీరియల్ కోసమని చెప్పినా ఆవిడ పుస్తకం తెచ్చి ఇచ్చారు. గళ్లు గీసి, గడికో బీజాక్షరం రాసిన యంత్రాలు, తేలుకాటు మంత్రాలు, ఆకుల పేర్లు. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. చివర్లో ‘చిల్లంగి’ అని రాసి, కింద తొమ్మిదిమంది ఆడవాళ్ల పేర్లు, ఊళ్లు ఉన్నాయి. మా వైపు చేతబడిని చిల్లంగి అంటారు. నిధి దొరికినట్టే అనిపించి, అన్నీ ఫోటోలు తీసుకున్నాను.

ఆ పేర్లలోంచి అచ్చియ్యమ్మ అన్న పేరు తీసి మా కథలో క్షుద్రదేవతను కొలిచే విలన్‌కి పెట్టాను. దర్శకుడికి తెగ నచ్చింది.

వారం తర్వాత ఒక యంత్రం గురించి అనుమానం వచ్చి మళ్లీ వెళ్లినప్పుడు, మాటల్లో ఆ సంగతి చెప్పాను. సత్యవతిగారు కాఫీ గ్లాసు కింద పెట్టేశారు.

“అచ్చియ్యమ్మ మనవరాలు మా వీధిలోనే ఉంటుందండి. అంగన్‌వాడీలో చేస్తుంది.”

అచ్చియ్యమ్మ నిజంగా చిల్లంగి చేసేదా అని అడిగాను.

“ఎవరి పిల్లకి జ్వరమొచ్చినా, ఎవరు చేశారో చెప్పమని తాతగారి దగ్గరికొచ్చేవారండి. ఆయన ఒక పేరు చెప్పేవారు. చెప్పినవన్నీ రాసుకున్నారు. అంతే.”

అచ్చియ్యమ్మ పేరు చెప్పాక, మంత్రం నోట పలక్కూడదని ఊరివాళ్లు ఆమె ముందుపళ్లు ఊడగొట్టారట. చిన్నపిల్లగా ఉన్న తనతో మాట్లాడేటప్పుడు కూడా ఆ ముసలామె నోటికి పమిట అడ్డం పెట్టుకునేదని సత్యవతిగారు చెప్పారు.

మరి పుస్తకం నాకెందుకు ఇచ్చారని అడిగాను.

“ఆ పేర్లు ఎవరివని మీరైనా అడుగుతారేమోననండి.”

నేను అడగలేదు.

ఇంటికొచ్చి దర్శకుడికి ఫోన్ చేశాను. ఆయన పళ్ల సంగతి విని, అదీ సీన్‌గా పెడదామన్నారు. పేరు మార్చకపోతే నేను మానేస్తానని చెప్పాను. ఆయన రెండు రోజులు నా ఫోన్ ఎత్తలేదు. చివరికి పేరు మార్చారు. విలన్ మాత్రం విలన్‌గానే ఉండిపోయింది. నాకు దక్కిందల్లా ఒక్క ఎపిసోడ్: మంత్రగాడు తను చెప్పిన పేర్లన్నీ అబద్ధమని ఊరి ముందు ఒప్పుకునేది. దానికి మంచి పేరే వచ్చింది.

సత్యవతిగారు అది చూసి ఫోన్ చేశారు. “బాగుందండి. మా తాతగారు మాత్రం ఒప్పుకోలేదు,” అన్నారు.

ఇప్పుడు కూడా పాత మంత్రాల పుస్తకమంటే నాకు అదే ఆత్రం. అయితే యంత్రాల పేజీలు తిప్పేముందు, అందులో మనుషుల పేర్లేమైనా ఉన్నాయా, వాళ్ల తాలూకు వాళ్లు ఇప్పుడెక్కడున్నారు అని అడుగుతున్నాను.