పిలుపును అనుమానించిన ముత్తమ్మ

మా మేనత్త ముత్తమ్మ దేవుణ్ణి కూడా వెంటనే నమ్మిన మనిషి కాదు. కూరగాయలమ్మే మనిషి రెండు రెమ్మలు కరివేపాకు ఎక్కువ వేస్తే, తూకంలో ఏం తగ్గిందోనని సంచి దించి చూసుకునేది. ఎవరైనా ఊరికే నవ్వుతూ పలకరిస్తే, వాళ్లు పోయాక తలుపు గొళ్లెం ఇంకోసారి లాగి చూసేది. నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసి పాల్మాకులలో ఆమె ఇంటికి వచ్చిన రోజున నన్ను కూర్చోబెట్టి, అన్నం పెట్టి, ఎవరు పంపారని మూడుసార్లు అడిగింది. మా నాయనే పంపాడని మూడుసార్లూ చెప్పాను.

ఆమె పుట్టింది మంఖాల్‌లో. పదహారేళ్లకు పాల్మాకుల బిక్షంతో పెళ్లయింది. మామ తాపీ పని చేసేవాడు. కాలేయం చెడి ఏడాదిన్నర మంచం మీద ఉన్నాడు. ఆ రోజుల్లో వీధి చివర రేకుల షెడ్డులో ఉన్న మందిరం నుంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చి ప్రార్థన చేసి పోయేవారు. వాళ్లకేం కావాలో అత్తకు అంతుబట్టలేదు. ఇల్లు కిరాయిది, ఒంటి మీద బంగారం లేదు. మామ పోయాక పదకొండు రోజులు వాళ్లే వండి తెచ్చారు. ఏదో ఒకటి అడిగే రోజు రాకపోదని ఆమె ఏడాదిపాటు ఎదురుచూసింది. చివరికి తానే వెళ్లి, మీకేం కావాలో చెప్పండి, నాకు నిద్ర పట్టడం లేదు అని అడిగిందట. వాళ్లు నవ్వి టీ ఇచ్చారట. ఆ తర్వాత ఇంకో ఏడాది మందిరంలో తలుపు పక్కనే, చెప్పులు చేతికి అందేంత దూరంలో కూర్చుంది. అప్పుడు గానీ బాప్తిస్మం తీసుకోలేదు.

విమానాశ్రయంలో ఆమె పని ప్రయాణికులు బయలుదేరే వైపు, తనిఖీకి ముందు వచ్చే ఆడవాళ్ల టాయిలెట్లలో. తొమ్మిదేళ్లు అక్కడే చేసింది. మొదటి వారం శిక్షణలో చెప్పిన ఒక సంగతి ఆమెను బైబిలు వాక్యమంత గట్టిగా పట్టుకుంది. ఎవరిదో తెలియని బ్యాగు కనబడితే ముట్టుకోవద్దు, జరపొద్దు, తెరవొద్దు. ఎప్పటి నుంచి ఉందో చూడాలి. చుట్టుపక్కల వాళ్లను ఎవరిదని అడగాలి. అప్పుడు పైవాళ్లకు చెప్పాలి. నాకు పద్దెనిమిది నిండాక అదే కాంట్రాక్టు కంపెనీలో పెట్టించి, ముందుగా ఈ నాలుగు మాటలే నాతో అప్పజెప్పించుకుంది.

నాకు మాట తక్కువ. పని చేస్తూ చూస్తుంటాను. అందుకే కిందటేడు జూన్‌లో అత్త తీరు మారడం ముందు నాకే తెలిసింది. ఇళ్లల్లో పనికి కువైట్, మస్కట్ పోయే కడప వైపు, గోదావరి వైపు ఆడవాళ్లు, సాగనంపడానికి వచ్చిన వాళ్ల ముందు ఏడవలేక, లోపలికి వచ్చి కొళాయి తిప్పి ఏడుస్తారు. తొమ్మిదేళ్లుగా అత్త వాళ్లను చూస్తూనే ఉంది. వాళ్లు పోయాక సింకు తుడిచేది, అంతే. ఇప్పుడు అలాంటి మనిషి ఒకామె నిలబడి ఉంటే, ఆమె పక్క అద్దాన్నే నాలుగుసార్లు తుడుస్తోంది. పెదాలు కదులుతున్నాయి. ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోతోంది.

నా చూపు ఆమె యూనిఫాం జేబు మీదికి పోయింది. అలా పోయినందుకు సిగ్గుపడ్డాను గానీ, పోవడం మాత్రం మానలేదు. ఎందుకంటే ఆ వారమే, ప్రయాణికుల ముందు చేయి చాచిందన్న ఫిర్యాదు మీద మాలో ఒకామె ఎంట్రీ పాసు తీసేసుకున్నారు. మా సూపర్‌వైజర్ స్వర్ణలత మేడం అందరినీ వరసగా నిలబెట్టి, అడిగితే జవాబు చెప్పండి, మీ అంతట మీరు ఒక్క మాట మాట్లాడినా పాసు పోతుందని చెప్పింది. పాసు లేకపోతే గేటు దాటలేం. నా జీతం మా నాయన మందులకే సరిపోయేది. కిరాయి, బియ్యం అత్త జీతం మీదే.

ఒకరోజు షిఫ్టు అయ్యాక బస్సులో ఆమే చెప్పింది.

“లోపట ఒక మాట వస్తున్నది మనీషా. ఏడ్చేదాని దగ్గరికి పో అని. మూడు వారాల సంది.”

“ఎవరంటున్నరు?”

“అదే తెలుస్తలేదు. బ్యాగు కనబడుతున్నది, మనిషి కనబడ్తలేడు.”

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. అది దేవుని మాటో, తన ఒంటరితనమో, వయసుకు వచ్చే గుండెదడో తేల్చాలని దవాఖానకు కూడా పోయి వచ్చింది. గుండె బాగానే ఉందన్నారు. దాంతో అనుమానం ఇంకా ఎక్కువైంది.

తర్వాత పాస్టరయ్యను అడిగింది. ఆయన మంచివాడే, కానీ వినగానే లేచి నిలబడ్డాడు. ఇది సేవకు పిలుపమ్మా, పని మానేసి మందిరానికే వచ్చేయి, వచ్చే ఆదివారం అందరి ముందు నిలబడి సాక్ష్యం చెప్పు అన్నాడు. ఇంటికి వచ్చాక అత్త గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ అంది.

“అయ్యగారు జల్దీ ఒప్పుకున్నడు. చూడకముందే బ్యాగు నాదే అన్నట్టున్నది.”

ఆ ఆదివారం ఒళ్లు బాగాలేదని కబురు పంపి ఇంట్లోనే ఉంది. సాక్ష్యం చెప్పి నలుగురిలో మంచి అనిపించుకోవాలని ఆమెకు ఉందేమోనని అంతవరకు నా అనుమానం. కానీ ఆ అనుమానం నాకంటే ముందు ఆమెకే వచ్చింది. బియ్యం ఏరుతూ తనలో తాను లెక్క తీసుకున్నట్టు చెప్పింది. పేరొచ్చే పనైతే తన మనసే పుట్టించిందని అనుకోవచ్చు. ఇది పేరొచ్చేది కాదు, నౌకరి పోయేది. అలాంటిది తాను ఎందుకు కోరుకుంటుంది? పోనీ సైతాను మాట అనుకుందామంటే, ఏడ్చే మనిషి దగ్గరికి పొమ్మని సైతాను ఎందుకంటాడు? అక్కడ ఆగిపోయింది. వేరేవాళ్లకు చెప్పరాదా ప్రభువా, స్వర్ణలత మేడానికి చెప్పరాదా అని కూడా ప్రార్థన చేసిందట. మాట మాత్రం మారలేదు, పెరగలేదు. తొందరపెట్టలేదు కూడా. ఏడ్చేదాని దగ్గరికి పో. అంతే.

జూలైలో ఒక మధ్యాహ్నం ఒకామె లోపలికి వచ్చింది. కొత్త బూట్లు, నూనె రాసి బిగించిన జడ, మెడలో తాడుకు వేలాడే ప్లాస్టిక్ కవరులో పాస్‌పోర్టు. చివరి గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. నీళ్ల చప్పుడు మొదలైంది, ఆగలేదు. అత్త మాప్ పట్టుకుని ఆ తలుపు ముందే నిలబడింది. పావుగంట గడిచింది. బయట నుంచి ఎవరో మగమనిషి, సుమలతా, టైమవుతుంది అని రెండుసార్లు కేకేశాడు. లోపల నీళ్ల చప్పుడే.

అప్పుడే స్వర్ణలత మేడం తనిఖీకి వచ్చింది. సింకుల దగ్గర ఆగి, చేతిలోని కాగితంలో ఏదో రాస్తోంది. నేను అత్త వైపు చూసి తల అడ్డంగా ఊపాను. ఇవాళ వద్దు, ఇప్పుడు వద్దు అని నా ఉద్దేశం. అత్త నన్ను చూసింది. మేడాన్ని కూడా చూసింది. మాప్ గోడకు ఆనించి తలుపు మీద మెల్లగా కొట్టింది.

“అమ్మా, నేను ఇక్కడ పనిచేసేదాన్ని. ఒక్కదానివే ఉంటవా, నన్ను ఉండమంటవా?”

కాసేపటికి నీళ్లు ఆగాయి.

“ఉండు,” అంది లోపలామె.

అత్త తలుపు మీద అరచెయ్యి పెట్టి నిలబడింది. ప్రార్థన చేయలేదు, వాక్యం చెప్పలేదు. ఏడవొద్దనీ అనలేదు. లోపలామె ఏడ్చినంతసేపూ నిలబడింది. మేడం రాయడం ఆపి చూస్తోంది. తలుపు తెరుచుకున్నాక అత్త ఆమెను సింకు దగ్గరికి తీసుకుపోయి, పాపను కడిగినట్టు ముఖం కడిగింది. కువైట్ పోతున్నానని, నాలుగేళ్ల కూతురు నిద్రపోతుండగా లేపకుండా వచ్చేశానని సుమలత చెప్పింది. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి జరిగి, పాస్‌పోర్టు కవరును రెండు చేతులతో పట్టుకుంది.

“నీకేమియ్యాల? ఎందుకొచ్చినావు నువ్వు?”

అత్త ముఖం వెలిగిపోయింది. ఆమె అంత సంతోషపడటం నేనెప్పుడూ చూడలేదు.

“ఏమొద్దు. గట్లనే ఉండు బిడ్డా. అక్కడ కూడా అందరిని గిట్లనే అడుగు. ఇంటి నంబరు ఫోన్లనే ఉందా? కాగితం మీద రాసి రైకల పెట్టుకో. ఫోను గుంజుకుంటే అదుంటది.”

అత్తకు రాయడం రాదు. నా వైపు చూసింది. నా దగ్గర పెన్ను లేదు. మేడం దగ్గర ఉంది. అడగడానికి నాకు నోరు రాలేదు, చెయ్యి మాత్రం చాచాను. ఆమె నన్నూ పెన్నునూ మార్చి మార్చి చూసి ఇచ్చింది. టిష్యూ పెట్టె అట్ట చింపి దాని మీద సుమలత చెప్పిన రెండు నంబర్లు రాసిచ్చాను. సుమలత వాటిని రెండుసార్లు చదువుకుని, మడిచి దాచుకుని, వెనక్కి చూడకుండా పోయింది.

మేడం అత్తను పక్కకు పిలిచింది. మతం గురించి ఏమైనా మాట్లాడావా అని అడిగింది. లేదంది అత్త. డబ్బులు తీసుకున్నావా? లేదు. జేబులు బయటికి తీసి చూపించింది.

“మరి నీకెందుకు? వద్దని చెప్పాను కదా, ఎందుకు వెళ్లావు?”

“పొమ్మన్నరు మేడం.”

“ఎవరు?”

అత్త ఆలోచించింది. అబద్ధం ఆడటం ఆమెకు రాదు, తెలియనిది తెలుసనడం అసలే రాదు.

“ఇంకా పూర్తిగ తేల్లేదు,” అంది.

అత్త తనను వెక్కిరిస్తోందని మేడం అనుకుంది. వారం రోజులు ఆమె పాసు తన దగ్గరే పెట్టుకుంది. ఆ వారం ఇంట్లో మేం కూర లేకుండా పచ్చిపులుసుతో తిన్నాం. అత్త రోజూ నన్ను బస్సెక్కించి, తిరిగి పోయి పడుకునేది. వారం తర్వాత ఆమెను లోపల కాకుండా కార్ల పార్కింగులో వేశారు. జీతం తగ్గింది. మేం ఒక గది ఖాళీ చేసి దాన్ని వేరేవాళ్లకు ఇచ్చేశాం. ఎండలో ఊడ్చి ఊడ్చి ఆమె మెడ కమిలిపోయింది. ఒక్కనాడు కూడా, పోకపోతే బాగుండేదని అనలేదు. పోయి మంచిపని చేశాననీ అనలేదు. ఆ మాట మళ్లీ వస్తోందా అని నేను అడిగితే రావడం లేదంది. విన్నానని ఆగిందా, వినలేదని ఆగిందా అని నన్నే అడిగింది.

సంగతి ఎలాగో పాస్టరయ్యకు తెలిసింది. సెప్టెంబరులో ఒక ఆదివారం, ఈసారి ముందుగా చెప్పకుండా అందరి ముందే ఆమె పేరు పిలిచాడు. అత్త తలుపు దగ్గరి నుంచే లేచి నిలబడింది, ముందుకు పోలేదు. ఆడవాళ్లందరూ చప్పట్లకు చేతులు సిద్ధం చేసుకుని వెనక్కి తిరిగారు.

“ఏడుస్తుంటే ఒకామె దగ్గర నిలబడ్డ. నిలబడమని చెప్పింది దేవుడే అనుకుంటున్న. ఆమె పేరు సుమలత, కువైట్ పోయింది. మంచిగున్నదో లేదో ఇప్పటిదాకా ఎరుక లేదు. ఆమె కోసం ప్రార్థన చేయండి,” అని కూర్చుంది.

చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. పాస్టరయ్య మైకు పక్కన పెట్టి మోకాళ్లూనాడు. ఒక్కొక్కరే సుమలత పేరు ఎత్తి ప్రార్థన మొదలుపెట్టారు.