లాటరీలో వచ్చిన బడి

ఆకివీడులోని ప్రైవేటు స్కూళ్లలో ఉచిత సీట్లుంటాయని మాకు మొదట చెప్పింది మా ఊరి అంగన్‌వాడీ టీచరు. ఒకటో తరగతిలో నాలుగో వంతు సీట్లు మాలాంటి వాళ్ల పిల్లలకి ఇవ్వాలట. ఆ ఫీజు ప్రభుత్వమే స్కూలుకి కడుతుందట. అడిగినవాళ్లు ఎక్కువైతే లాటరీ తీస్తారట.

"ఊరికే ఎవరిస్తారండీ?" అన్నాను.

"ఊరికే ఏంటమ్మా, చట్టం ఉంది. మన ఊరి సచివాలయానికి వెళ్లి పాప పేరు ఎక్కించు," అందావిడ.

ఎక్కించి మరిచిపోయాం. వేసవిలో ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి నేను చేపలు తోముతుంటే ఫోను మోగింది. నా చేతులనిండా పొలుసులే. చేపల వ్యాను తోలే మా ఆయన మెసేజీ చదివి, మళ్లీ చదివి, పాపని భుజాల మీదికెత్తుకుని వీధిలోకి పరుగెత్తారు.

"ఏవండీ, ఏమైందో చెప్పి వెళ్లండి!" అని అరుస్తూ వెనకాలే నేను.

"సీటొచ్చిందే!"

మా ఊరి బడి మాస్టారికి చెప్పాలంటే మొహమాటమేసింది. అక్కడ అన్నం పెడతారు, పుస్తకాలిస్తారు, ఆయనా మంచివారు. విషయం విని ఆయన నవ్వారు. "ఇక్కడ ఐదు తరగతులకీ నేనొక్కణ్ణేనమ్మా. అక్కడ తరగతికో టీచరు. సంతోషంగా పంపండి."

చేర్పించడానికి అత్తయ్య కూడా వచ్చింది. బడి గుమ్మం తొక్కడం ఆవిడకి అదే మొదలు. కూర్చోకుండానే హెడ్మిస్ట్రెస్‌ని అడిగేసింది, "ఫీజు కట్టే పిల్లలతో పాటే కూర్చోబెడతారాండీ, వేరేగానా?"

హెడ్మిస్ట్రెస్ లేచి మమ్మల్ని తరగతి గదిలోకి తీసుకెళ్లారు. "అందరికీ ఇదే గదండీ, ఇవే బెంచీలు. ఎవరెలా చేరారో పిల్లలకి చెప్పం. మధ్యాహ్నం భోజనం మాత్రం మీరే పంపుకోవాలి."

"దానికేముందండీ, నేను పంపుతాను," అంది అత్తయ్య.

శీతాకాలంలో తాతయ్యల్నీ మామ్మల్నీ స్కూలుకి పిలిచారు, పిల్లలకి ఏదైనా చెప్పమని. అత్తయ్య వెనక్కి వెనక్కి జరిగింది. చివరికి తన చిన్ననాటి వరద కథ ఎత్తుకుంది. కొల్లేరు పొంగి వాళ్ల లంకంతా మునిగితే అందరూ పడవలోనే పడుకున్నారట. తెల్లారేసరికి ముక్కు కింద సంచి ఉండే గూడబాతు ఒకటి వచ్చి వాళ్లమ్మ కూరకి దాచిన చేపని గిన్నెలోంచే ఎత్తుకుపోయిందట. అదెలా నడిచిందో, చీరకుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని నడిచి చూపించింది.

పిల్లలు బెంచీలెక్కేశారు. "మళ్లీ చెప్పండి మామ్మగారూ, మళ్లీ!"

మా పాప అందరికీ వినపడేలా, "మా మామ్మ!" అని అరిచింది. నేను గోడకి ఆనుకుని కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాను.

వెళ్లేటప్పుడు క్లాసు టీచరు అత్తయ్య చెయ్యి పట్టుకుని, "శనివారం శనివారం వచ్చి కథ చెబుతారా అండీ?" అని అడిగారు.

ఇప్పుడు శనివారం వస్తే ఇంట్లో అందరికంటే ముందు తయారయ్యేది అత్తయ్యే. ఇస్త్రీ చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి నన్ను తొందరపెడుతుంది.

"దానికి గబగబా జడెయ్యమ్మాయ్! ఆటో వెళ్లిపోద్ది, నాకు క్లాసుంది."