చెక్క పడకముందు చెప్పిన మాట

నంద్యాలలో బీఎమ్‌ఎక్స్ సైకిల్ పందేలు ఎలా మొదలయ్యాయని ఎవరు అడిగినా నేను ఇన్నేళ్లూ ఒకే కథ చెప్పాను. మొదటి పందెం ఆళ్లగడ్డ దగ్గర మా మేనమామ ఊళ్లో పెట్టామనీ, మా బావ దుడుకుతనం వల్ల అది రక్తం కారేదాకా పోయిందనీ, తర్వాత నేనే నంద్యాలలో మళ్లీ మొదలుపెట్టాననీ. అందులో బావ గురించి చెప్పింది నిజం కాదు. అది సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

ఎనభైల నడుమ, నేను పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న ఎండాకాలం. బస్టాండు దగ్గరి సెలూన్‌లో నా వంతు కోసం కూర్చుని ఒక ఇంగ్లీషు పత్రిక తిరగేస్తుంటే ఆ ఫొటో కనబడింది. నా వయసు పిల్లలే ఎనిమిది మంది, తలకు టోపీలు, చిన్న చక్రాల సైకిళ్లు. అందరూ ఒకేసారి మట్టిదిబ్బ మీది నుంచి గాల్లోకి లేచి ఉన్నారు. ఒకడి మోచెయ్యి పక్కవాడి మోచేతికి తగులుతోంది. నన్ను పట్టుకున్నది ఆ మోచేతులే. ఎనిమిది మంది కలిసి బయలుదేరితే అది పందెం. మిగతాదంతా ఉత్త తొక్కుడు.

మరునాడు అద్దె సైకిళ్ల షాపుకు పోయి చిన్న సైకిలుకు మడ్‌గార్డులు, చైన్‌కేసు, క్యారియరు తీసేసి ఇమ్మన్నాను.

"అవన్నీ పీకేస్తే సైకిలేందప్పా అది? తోక కోసిన ఎద్దు మాదిరి" అన్నాడు షాపాయన.

"పందేనికన్నా."

"ఏం పందెం? మొన్న ఒకడు మైదానంలో కింద కాలు పెట్టకుండా దినాలకు దినాలు తొక్కినాడే, అదా?"

"అది కాదన్నా. దిబ్బల మీద ఎగరాల."

"ఎగిరితే రిమ్ము వంకరపోతాది. మీ నాయన్ను పిల్చకరా, ఆయన చెప్తే ఇస్తా."

నాయన బడిలో లెక్కలు చెప్పేవాడు. ఆయన్ను పిలుచుకొచ్చే ధైర్యం నాకు లేదు. స్నేహితులకు చెబితే, స్కూల్లో స్పోర్ట్స్ రోజున జరిగే స్లో సైకిల్ పందెమా అన్నారు. ఎవరికి చెప్పినా ఇంతే. తాము చూసిన పందెంలోకే నేను చెప్పేదాన్ని ఇరికించేవాళ్లు. చెప్పీ చెప్పీ గొంతు పోయి, సెలవులకు మేనమామ ఊరికి బస్సెక్కాను.

ఒక్క బావకే వెంటనే అర్థమైంది. మామ కొడుకు, నాకంటే ఏడాది పెద్ద. అతని దగ్గర బరువు తక్కువ సైకిలొకటి ఉండేది. నేను ఫొటోలోని సంగతి సగం చెప్పేలోపే స్పానరు తెచ్చి మడ్‌గార్డులు ఊడదీసి పారేశాడు. చేను గట్టు మీద నుంచి దూకించి, ముందు చక్రం లేపి, వెనక చక్రం మీద దిగాడు. నేను అదే ప్రయత్నించి మూడుసార్లూ ముఖం మీద పడ్డాను.

"నువ్వు చెప్పురా, నేను తొక్కుతా" అన్నాడు బావ నవ్వుతూ.

ఆ ఊళ్లో ఎండాకాలం తిరునాళ్లకు ఎద్దులతో బండలాగుడు పందెం పెట్టేవాళ్లు. దాని పెద్ద మా మామే. ఎద్దుల పందెం మధ్యలో విరామం ఉంటుంది, అప్పుడు మాకు ఆ నేల ఇమ్మని అడిగాం. ఆశ్చర్యంగా మామ ఒప్పుకున్నాడు. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు కూడా సైకిళ్లకు మడ్‌గార్డులు విప్పుకుని వస్తామన్నారు. మేం గరుసుమట్టి తోలి దిబ్బలు పోశాం. ముందు చక్రాలకు అడ్డంగా నిలబెట్టడానికి పాత తలుపు చెక్క ఒకటి సంపాదించాం. అది కింద పడితే అందరూ బయలుదేరాలి.

అది చూసి మామ అన్నాడు, "ఒకేసారి గాదు అల్లుడా. చీటీలు తీసి ఒగని తర్వాత ఒగడు. నేను గడియారం పట్టుకుంటా. బేగా వచ్చినోడు గెల్చినట్ల."

"అట్లయితే అది పందెమే కాదు మామా!"

"ఎద్దులకూ ఇదే పద్ధతి. మీరు ఎద్దుల కన్నా పెద్దోళ్లా ఏంది?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నా ఒళ్లు మండిపోయింది. నంద్యాలలో స్లో సైకిల్, ఇక్కడ ఎద్దులు! ఆ పద్ధతి ఎందుకు పెట్టుకున్నారని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఆ ఊళ్లో పుట్టినవాళ్లకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

పందెం రోజు మధ్యాహ్నం పక్క ఊరి ఎద్దులు మామ ఊరి ఎద్దుల చేతిలో ఓడిపోయి ఉన్నాయి. ఆ ఊరివాళ్లు ముఖాలు ముడుచుకుని ఒకవైపు కూర్చున్నారు. విరామంలో చీటీలు తీస్తుంటే నేను బావను పక్కకు లాగాను.

"అందరూ కలిసి పోవాల. నువ్వు చెప్పు పిల్లోళ్లకు, నువ్వు చెప్తే వింటారు. నేను చెక్క పడేస్తా."

"వద్దురా. నాయన వద్దన్న్యాడు. యాల వద్దన్న్యాడో నీకు తెల్దు."

"నీకు భయమైతే చెప్పు. ఇంగొగన్ని అడుగుతా."

బావ నా ముఖంలోకి చూశాడు. తర్వాత పోయి పిల్లల చెవుల్లో ఒక్కొక్కరికీ చెప్పాడు. మొదటివాడు గీత దగ్గరికి రాగానే అందరూ వచ్చి వరసగా నిలబడ్డారు. మామ అరిచేలోపు నేను చెక్క పడేశాను.

మొదటి దిబ్బ దాకా అది అచ్చం ఆ ఫొటోలాగే ఉంది. దిబ్బ మీద బావ హ్యాండిలు, పక్క ఊరి పిల్లవాడి హ్యాండిలు చిక్కుకున్నాయి. ఇద్దరూ పడ్డారు. బావ లేచాడు. ఆ పిల్లవాడు పెదవి చీలి, నోటినిండా రక్తంతో కూర్చుండిపోయాడు.

"ఎద్దులతో గెల్చింది చాల్లేదా? మా పిల్లోన్ని కావాలని తోస్తాండారు!" అని ఒకడు లేచాడు. వాడి వెనక ఆ ఊరంతా లేచింది. ఈ పక్క మామ ఊరివాళ్లూ లేచారు. చేతుల్లో చర్నాకోలలు, కర్రలు. ఆ నేల మీద రెండు జతల ఎద్దుల్ని ఎప్పుడూ పక్కపక్కన ఎందుకు నిలబెట్టరో నాకప్పుడు తెలిసింది.

మామ రెండు ఊళ్లవాళ్ల మధ్యకు వచ్చాడు. "కలిసి పొమ్మని ఎవడు చెప్పినాడ్రా?" అన్నాడు. పిల్లలందరూ బావ వైపు చూశారు. బావ నా వైపు చూశాడు. నేను తలుపు చెక్క పట్టుకుని నేల చూశాను.

"నేనే" అన్నాడు బావ.

మామ అందరి ముందరా చర్నాకోలతో కొడుకును కొట్టాడు. పక్క ఊరివాళ్లు చాలు చాలనే దాకా కొట్టాడు. దాంతో గొడవ చల్లారింది. మిగతా జతల పందెం ఆపేశారు. బావ సైకిలును మామ ఎవరికో ఇచ్చేశాడు. మరునాడు పొద్దున బస్సుకు నేను వచ్చేశాను. నంద్యాలకు వచ్చాక, నాలాంటి పిచ్చివాళ్లను నలుగుర్ని పోగుచేసి ఊరి బయట దిబ్బలు పోశాను. పేరొచ్చింది. బావ మళ్లీ పందెంలో తొక్కలేదు. మా అందరికంటే బాగా తొక్కగలిగినవాడు అతనే.

పోయిన నెల ఆళ్లగడ్డకు పోయి, బావ మోటార్లు రిపేరు చేసే షాపులో కూర్చుని, ఇదంతా రాయబోతున్నానని చెప్పాను. కాయిల్ చుడుతూ విన్నాడు.

"ఇప్పుడు యాల?"

"తప్పు నాది కాబట్టి బావా."

"మా ఊర్లో దిబ్బల మీద మొదట సైకిల్ ఎగిరిచ్చింది నేనే, అందర్నీ కలిపి ఇడిసింది నేనే అని నా మనవళ్లకు చెప్పుకుంటాండా. నంద్యాల్లో పేరంతా నువ్వే తీసుకుంటివి. దెబ్బలు నేను తింటి. ఇప్పుడొచ్చి ఇది గూడా నీదే అంటావా?"

క్షమించమని అడగడానికి పోయినవాణ్ని, మళ్లీ ఏదో లాక్కుపోవడానికి వచ్చినవాడిలా కూర్చున్నాను.

"రాసుకో పో" అన్నాడు వైరు తెంపుతూ. "దిబ్బ మీద ఎగిరింది మాత్రం నేనే అని రాయి. అది నువ్వు జేయలేకపోతివి."

నిజమే. దిబ్బ మీద ఎగిరింది బావే.