జీపు తాగిన నీళ్లు

ఎనభైల మొదట్లో మా నాయినకు ఒక పాత జీపు ఉండేది. పరకాల, నెక్కొండ వైపు పెళ్లిళ్లకూ తీర్థాలకూ దాన్ని కిరాయికి నడిపేవాడు. మేముండేది వరంగల్‌లో. నేను అక్కడే డిగ్రీ చదువుతున్నాను. మాతోపాటు మా మేనమామ కూడా ఉండేవాడు. అమ్మకు ఒక్కడే తమ్ముడు. వాళ్లమ్మ పోయాక వాడిని అమ్మే పెంచింది. మాకు పెట్టిన ముద్ద కంటే వాడికి పెట్టిన ముద్దే పెద్దదని నేను చాలాసార్లు అలిగాను కూడా. నాయిన దగ్గర డ్రైవింగ్ నేర్చుకుంటూ మామ ఎప్పుడూ జీపు వెంటే తిరిగేవాడు.

ఒక ఎండాకాలం ఆ జీపుకు నీళ్ల రోగం పట్టుకుంది. పొద్దున రేడియేటర్ నిండా నీళ్లు పోసి బయల్దేరితే ఆత్మకూరు చేరేసరికి ఇంజను కుతకుత ఉడికేది. మామ బిందె పట్టుకుని ఏ వ్యవసాయ బావి దగ్గరికో పరుగెత్తేవాడు. నీళ్లు పోస్తే మళ్లీ కొంత దూరం నడిచేది. ములుగు రోడ్డులో నాయిన దోస్తు ఒక మిస్త్రీ ఉండేవాడు. ఆయన హోస్ పైపులన్నీ మార్చాడు. నాలుగు రోజులు బాగుండి మళ్లీ మొదలైంది. రేడియేటర్ విప్పి మాట్లు వేయించాడు, వాటర్ పంపు మార్చాడు. అయినా ఆగలేదు.

విచిత్రం ఏమిటంటే నేల మీద ఒక్క చుక్క కనపడేది కాదు. సాయంత్రం నాయిన ఇంజను కింద పాత పేపర్లు పరిచేవాడు. పొద్దున చూస్తే పేపరు పొడిగా, పరిచినట్టే ఉండేది.

"తాగుతాందా ఏందిరా ఇది? నీళ్లు ఏడికి పోతానయ్?" అని నాయిన తల పట్టుకునేవాడు. మామ పక్కనే నిలబడి టార్చిలైటు పట్టేవాడు. "రేడియేటర్‌కు కొత్త మూత ఏసి చూద్దామా బావా?" అని సలహా కూడా ఇచ్చేవాడు.

ఒక రోజు పరకాలలో చుట్టాల ఇంటి నుంచి నేను, నాయిన, మామ తిరిగి వస్తున్నాం. మిట్టమధ్యాహ్నం. దారిలో జీపు ముందు నుంచి పొగలాగా ఆవిరి లేచింది. నాయిన పక్కకు ఆపి బానెట్ ఎత్తాడు. సాయంత్రం వరంగల్‌లో పెళ్లివాళ్లను ఎక్కించుకోవాలని ఆయనకు తొందర.

"బావా, జర సల్లారనియ్. ఇప్పుడే ముట్టుకోకు" అన్నాడు మామ.

"ఏం కాదు లే" అని నాయిన భుజం మీది తువ్వాల రేడియేటర్ మూత మీద వేసి తిప్పాడు.

నేను వెనక సీటులోంచి చూస్తున్నాను. ఢామ్మని మోత. తెల్లటి నీళ్లు నాయిన తలకంటే ఎత్తుకు లేచాయి. నాయిన అరవలేదు. రెండు చేతులతో మొహం మూసుకుని రోడ్డు మీద కూర్చుండిపోయాడు. అరిచింది మామ. ఆ అరుపు మనిషి అరుపులా లేదు. దిగి దగ్గరికి వెళ్లేసరికి నాయిన చెంప మీది చర్మం నా కళ్ల ముందే ముడతపడుతోంది. మామ బిందెలో మిగిలిన చల్లనీళ్లు ఆయన మొహం మీద పోస్తూ "బావా, బావా" అని ఏడుస్తున్నాడు. అటుగా వచ్చిన ఒక లారీ మమ్మల్ని ఎక్కించుకుంది.

దవాఖానలో నాయిన రెండు కళ్లకూ కట్టు కట్టారు. కట్టు విప్పేదాకా చూపు సంగతి చెప్పలేమన్నారు డాక్టరు. అమ్మ ఆ మాట విని నిలబడ్డచోటే గోడకు ఆనుకుంది. మామ అక్కడి నుంచి కదల్లేదు. మందులు తెచ్చేవాడు, నాయినకు చెంచాతో గంజి తాగించేవాడు. తను మాత్రం సరిగా తినేవాడు కాదు. "వీడికున్న ప్రేమ కన్న కొడుక్కు గూడ ఉండదు" అని పక్క మంచం ముసలమ్మ అమ్మతో అంది.

ఈలోగా మిస్త్రీ జీపును లాక్కెళ్లి, ఇక వదిలేది లేదని ఇంజను మొత్తం కిందికి దించాడు. ఒక సాయంత్రం దవాఖానకు వచ్చి, జేబులోంచి నూనెగుడ్డలో చుట్టిన బొంగరమంత నల్లటి ముక్క తీసి నాయిన చేతిలో పెట్టాడు.

"పట్టి చూడు అన్నా. ఇది కట్టె."

నాయిన వేళ్లతో తడిమాడు. "కట్టె ఏంది?"

"ఇంజను పక్కకు, పొగ గొట్టం ఎనుక, నీళ్లు బయటికి రాకుండ ఇనుప బిళ్ళ ఉండాలె. అది లేదు. దాని జాగల గీ కట్టె కొట్టి ఉన్నది. సల్లగున్నప్పుడు నీళ్లకు ఉబ్బి బిగుసుకుంటాంది. వేడెక్కితే సందు ఇస్తాంది. కారిన నీళ్లు గొట్టం మీద పడి అప్పుడే ఆవిరైతానయ్. ఇగ మన కండ్లకేం కనపడ్తది? పైన మట్టి, గ్రీజు మెత్తి ఉన్నది. ఇంజను దించితేనే దొరికింది."

"ఎవలు కొట్టిన్రు?"

"నేనైతే కాదు. నా పిల్లల మీద ఒట్టు."

మంచం కాళ్ల వైపు నిలబడ్డ మామ చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"నేనే బావా" అన్నాడు.

నాకు ముందు అర్థం కాలేదు. వినపడింది కానీ లోపలికి పోలేదు. మామ తలవంచుకుని చెప్పుకుపోయాడు. ఎండాకాలం మొదట్లో నాయిన ఎవరో పోతే హైదరాబాద్ వెళ్లాడు. జీపు ముట్టుకోవద్దని చెప్పి మరీ వెళ్లాడు. మామ దోస్తులను ఎక్కించుకుని పాకాల చెరువుకు పోయాడు. తిరిగి వస్తుంటే ఆ బిళ్ళ ఊడి ఎక్కడో పడిపోయింది. అడవి దారి. ఎడ్లబండి ఆయన ఒకాయన కట్టె ఇస్తే చెక్కి, గుడ్డ చుట్టి, రాయితో కొట్టాడు. తెల్లారి బాగుచేయిద్దామనుకున్నాడు. కానీ నాయిన అనుకున్నదానికంటే ముందే వచ్చేశాడు.

నేను మామ మొహం చూస్తూ ఉండిపోయాను. బావుల చుట్టూ పరుగులు తీసింది ఈ మనిషే. టార్చిలైటు పట్టి, కొత్త మూత వేద్దామన్నదీ ఈ మనిషే. ఆ కట్టె ఎక్కడుందో అంతసేపూ తెలిసే వెలుగు పట్టాడు.

నాయిన కోపిష్టి. చిన్న తప్పుకు కూడా ఇల్లు ఎగిరిపోయేలా అరిచే మనిషి. ఇప్పుడు దవాఖాన కూడా ఎగిరిపోతుందనుకున్నాను. నాయిన ఆ ముక్కను వేళ్ల మధ్య తిప్పాడు.

"ఏం కట్టెరా ఇది?"

"చింతకట్టె, బావా."

"మంచిగయింది. మెత్తటి మునగకట్టె కొడితే ఆ అడవిలనే ఉందురు."

అంతే. మిస్త్రీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మామ మాత్రం మంచం పట్టె పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

అప్పుడు మంచం పక్కన నేల మీద కూర్చున్న అమ్మ లేచింది. తమ్ముడి తల నిమురుతుందనుకున్నాను.

"ఇంటికి పో. నీ బట్టలు తీస్కొని, మేం వచ్చేసరికి ఎళ్లిపో" అంది. గొంతు కూడా పెంచలేదు.

"అక్కా..."

"నన్ను పిలువకు."

నాయిన "పోనియ్యవే, పోరడు" అన్నా వినలేదు. పెంచిన చేయి అంత తేలికగా తోసేస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఆ రోజు నేను చూసినవాటిలో నన్ను ఎక్కువ భయపెట్టింది అదే.

కట్టు విప్పాక నాయినకు ఎడమ కన్ను బాగానే ఉంది. కుడి కంటికి జీవితాంతం మసకే. మిస్త్రీ కొత్త బిళ్ళ కొట్టాడు. జీపు మళ్లీ నీళ్లు తాగలేదు. మామ నెక్కొండలో ఒక ట్రాక్టరు మీద డ్రైవరుగా కుదిరాడు. నాయిన అటు వెళ్లినప్పుడల్లా వాడిని కలిసి వచ్చేవాడు. అమ్మ మాత్రం వాడికి కూతురు పుట్టేదాకా మాట్లాడలేదు. బాలింతకు పథ్యం వండిపెట్టడానికి వెళ్లి, అక్కడే మాట కలిపింది.

చాలా ఏళ్లకు ఒకసారి నేనే అడిగాను. "ఒక్క మాట చెప్తే అయిపోయేది గద మామా?"

మామ తలెత్తకుండానే చెప్పాడు.

"మొదటి రోజు చెప్తే రెండు దెబ్బలతోని పోయేది. మీ నాయిన పైపులు మార్పిచ్చినంక ఎట్ల చెప్పాల్నో తెల్వలే బిడ్డా. నీళ్లు జల్ది తెస్తే సాలనుకున్న."