ఆమెన్ అన్నాక లేవని మోకాళ్ళు

మిర్యాలగూడలో మా సంఘం ఆదివారం ఆరాధన చివర అందరం మోకరించి ప్రార్థిస్తాం. ఆ ఆదివారం ఆమెన్ అన్నాక అందరూ లేచారు. నేను లేవలేదు. లేవాలనే అనుకున్నాను, కాళ్ళు వినలేదు. అంతకుముందు నుంచే పాదాల్లో చీమలు పాకుతున్నట్టు ఉంటే చెప్పుల తప్పనుకున్నాను. ఇప్పుడు నడుము కింద ఎవరివో రెండు దుంగలు కట్టినట్టుంది.

పక్కనున్న రాహేలమ్మ నా వీపు మీద చెయ్యేసి, "స్తోత్రం! సిస్టర్ ఆత్మల ఉన్నది, కదిలియ్యకుండ్రి" అంది. పాస్టరు గారు వేదిక మీంచి నన్ను చూసి, ప్రార్థనంటే ఇలా ఉండాలని సంఘానికి చూపించి, మళ్ళీ ఒక పొడవాటి ప్రార్థన అందుకున్నారు. "కాళ్ళు వస్తలేవు" అని నేను ఏడుస్తుంటే దాన్ని పశ్చాత్తాపం అనుకుని ఇంకా గొంతు పెంచారు. చివరికి పురుషుల వైపు నుంచి మా ఆయన వచ్చాడు. "ఆత్మ గీత్మ ఏం లేదు, జర జరుగుండ్రి" అని నన్ను రెండు చేతుల మీద ఎత్తుకుని బయటికి తెచ్చాడు. అంత మంది ప్రార్థనాపరుల్లో నా కాళ్ళకేసి చూసింది ఆయనొక్కడే.

నేను విశ్వాసి ఇంట పుట్టాను. సండే స్కూల్లో పిల్లలకు వాక్యం నేర్పుతాను. ఈ మాటలు విశ్వాసం పోయి రాస్తున్నవి కావు. ఉండబట్టే రాస్తున్నాను.

నా జబ్బు కోదాడలో మొదలైంది. మా చెల్లెలు కరుణ కొత్త ఇంటికి ప్రతిష్ఠ ప్రార్థన పెట్టుకుంది. విందుకు గ్రిల్ చికెన్ తెప్పించింది, వాళ్ళ సంఘంలోనే ఉండే కృపానందం కొట్టు నుంచి. ఆ కొట్టు బోర్డు మీద వాక్యం, గల్లాపెట్టె మీద సిలువ, ఫ్రిజ్ మీద క్యాలెండర్ నిండా దీవెనలు. మాంసం లోపల ఎంత వేడెక్కిందో చూసే సాధనం మాత్రం లేదు. పొద్దున్నే కోళ్ళను సగం కాల్చి పళ్ళెంలో గుట్ట పోస్తాడు. ఆర్డరొచ్చినప్పుడు ఇంకాస్త మంట చూపించి పంపిస్తాడు. మసాలాలో ఎర్ర రంగు దండిగా కలుపుతాడు కాబట్టి పచ్చిదైనా కాలినట్టే మెరుస్తుంది. బోర్డూ అంతే, కోడీ అంతే. పైన రంగు, లోపల పచ్చి.

నేను లెగ్ పీసు విరిచాను. ఎముక దగ్గర మాంసం గులాబీ రంగులో ఉంది, ఎర్రటి నీరు కారింది. ఉడకలేదని పైకే అన్నాను.

వడ్డనకు కూడా తనే వచ్చిన కృపానందం నవ్వాడు. "అక్కా, దాన్ని జ్యూసీ అంటారండీ. బాగా కాలిస్తే చెక్క నమిలినట్టుంటది. మీ మిర్యాలగూడకి ఈ స్టైల్ ఇంకా రాలేదేమో!"

వాళ్ళ సంఘ పెద్ద ఒకాయన చేతిలో పళ్ళెంతోనే అందుకున్నాడు. "ప్రార్థన చేసిన భోజనం సిస్టర్. వంక పెట్టకూడదు. విశ్వాసంతో తినండి."

చెల్లెలు నా చెవిలో, "ఊరుకో అక్కా, బాగోదు" అంది. చెల్లెలి కొత్త ఇంట్లో గొడవ ఎందుకని తిన్నాను.

ఇంటికొచ్చిన రెండు మూడు రోజులకు జ్వరం, కడుపులో మెలిపెట్టే నొప్పి, నెత్తురు కలిసిన మోషన్స్. మా వీధి డాక్టరు సెలైన్ ఎక్కించి, "ఫుడ్ పాయిజన్, తగ్గిపోతది" అన్నాడు. తగ్గింది కూడా. ఖతం అనుకున్నాం. ఆ తర్వాత వచ్చిందే చీమలు పాకిన ఆదివారం.

మర్నాటికి ఆ తిమ్మిరి చేతులకూ పాకింది. జడ వేసుకోవడానికి దువ్వెన పట్టుకుంటే జారిపోయింది. మా ఆయన కారు మాట్లాడి సూర్యాపేటలో ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయాడు. న్యూరాలజిస్టు చిన్న సుత్తితో నా మోకాలి మీద కొట్టాడు. కాలు కదల్లేదు. రెండోదీ అంతే. "రిఫ్లెక్స్ లేవు" అని నర్సుతో చెప్పి నరాల పనితీరు చూసే నర్వ్ కండక్షన్ టెస్ట్ రాశాడు, వెన్నులోంచి నీరు తీయించాడు. ఆ రిపోర్టులు వచ్చాక మంచం పక్కన కూర్చున్నాడు.

"జీబీఎస్ అంటరమ్మా. గులియన్ బారీ సిండ్రోమ్. మొన్నమొన్న మోషన్స్ గిట్ల అయినయా?"

"అయినయ్ సర్."

"దానికి ముందు సరిగ్గ ఉడకని చికెన్ ఏమన్నా తిన్నరా?"

మా ఆయన నా మొహం చూశాడు. నేను డాక్టరుకు విందు సంగతి చెప్పాను.

"క్యాంపైలోబ్యాక్టర్ అని ఒక బ్యాక్టీరియా ఉంటది. కోళ్ళల్ల మామూలే. మన ఒంట్లున్న రక్షణ దాన్ని కొట్టబోయి మన నరాలనే కొడ్తది. అందరికీ రాదు, ఎవలికో ఒకలికి వస్తది. అదే అని ఒట్టేసి చెప్పలేను గని, కథ గట్లనే ఉన్నది." లేచిపోతూ ఇంకో మాట అన్నాడు. "మాంసం లోపల డెబ్బై నాలుగు డిగ్రీలు తాకితే చచ్చే పురుగమ్మా అది. అంతే."

ఐవీఐజీ అనే మందు డ్రిప్ పెట్టారు. బలహీనత ఛాతీకి ఎక్కుతుందేమోనని వాళ్ళ భయం. పూటపూటకూ వచ్చి ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమనేవారు. నేను అంకెలకు బదులు పిల్లలకు కంఠస్థం చేయించే కీర్తన చెప్పేదాన్ని. రోజూ ఒక్క ఊపిరిలో పూర్తయ్యే కీర్తన సగంలో ఆగింది. తర్వాత మొదటి చరణం దాటలేదు. నీళ్ళు మింగితే ముక్కులోంచి వచ్చాయి. ఐసీయూకి మార్చి వెంటిలేటర్ పక్కనే సిద్ధంగా పెట్టారు. ఆ యంత్రాన్ని చూస్తూ, ప్రభువా ఊపిరి నాకు వదిలిపెట్టు, మోకాళ్ళ సంగతి తర్వాత అడుగుతానన్నాను.

ఊపిరి నిలబడింది. వెంటిలేటర్ అవసరం పడలేదు. వార్డుకు తెచ్చాక కోదాడ నుంచి సంఘ పెద్ద, కృపానందం యాపిల్ పండ్లతో వచ్చారు. పెద్దాయన నా మంచం పట్టుకుని, సిస్టర్ విశ్వాసంలో ఏ లోపముందో బయలుపరచమని దేవుణ్ణి అడిగాడు. ఆమెన్ అని కళ్ళు తెరిచాక కృపానందం గొంతు సవరించుకున్నాడు.

"ఆ రోజు అంతమంది తిన్నారు కదక్కా. మీ ఒక్కరికే వచ్చిందంటే..."

మా ఆయన వాక్యం పూర్తి కానివ్వలేదు. "ఇంకొక్క మాటన్నవంటే నిన్నే గ్రిల్ మీద పెడ్త. నీ లెక్క సగం గాదు, పూర్తిగ కాలుస్త."

యాపిల్ పండ్లు వదిలేసి పోయారు.

ప్రార్థన చేశాం కాబట్టి పచ్చి మాంసం ఏమీ చేయదనే వాళ్ళకు ఒకటే చెబుతాను. దేవాలయ శిఖరం మీంచి దూకు, దూతలు పట్టుకుంటారని ప్రభువుతో అన్నది ఎవరో మా సండే స్కూలు పిల్లల్ని అడగండి. చిన్నచిన్న పిల్లలు కూడా అపవాది, ఆ సాతానేనని టక్కున చెబుతారు. సంఘ పెద్దలకు తెలియదు. పళ్ళెం చేతిలో పట్టుకుని వాడి మాటే వాడి కంటే భక్తిగా అన్నారు.

ఫిజియోథెరపీ చేయించిన అమ్మాయి "నరం మెల్లగ వస్తదాంటీ, తొందర పెట్టకుండ్రి" అనేది. వాకర్ పట్టుకుని నడిచాను. దాన్ని వదిలేసి బాత్రూమ్‌లో పడ్డాను, మళ్ళీ వాకర్ దగ్గరికే వచ్చాను. ఇప్పుడు ఏ ఆసరా లేకుండా నడుస్తున్నాను. కాలి వేళ్ళకు స్పర్శ ఇంకా పూర్తిగా రాలేదు. సండే స్కూలుకు పోతున్నాను.

ఈ మధ్య చెల్లెలు నా స్వస్థతకు కృతజ్ఞతా ప్రార్థన పెట్టింది. చికెన్ మళ్ళీ కృపానందం కొట్టు నుంచే. "మన విశ్వాసే కదక్కా, వేరే చోట తెస్తే నొచ్చుకుంటాడు" అంది. నా కాళ్ళు నొచ్చుకున్నది ఎవరికీ పట్టలేదు. ప్రార్థనకు అందరూ తలలు వంచుతుంటే నేను సంచిలోంచి సూది థర్మామీటర్ తీసి తొడ ముక్కలో గుచ్చాను. యాభై ఎనిమిది.

"ఇదేంటి సిస్టర్," సంఘ పెద్ద మొహం చిట్లించాడు. "దేవుణ్ణి డిగ్రీల్లో కొలుస్తారా?"

"దేవుణ్ణి కాదు బ్రదర్, కోడిని."

ఎవరో కిసుక్కున నవ్వారు. కృపానందం "జ్యూసీ అంతా పోద్దండీ" అని గొణుగుతుండగానే చెల్లెలు మొత్తం గిన్నెలకెత్తి పొయ్యి మీద పెట్టింది. అది ఉడికేదాకా అందరం ఆకలితో కూర్చున్నాం. మళ్ళీ గుచ్చి, డెబ్బై నాలుగు దాటాక ప్రార్థన మొదలుపెట్టమన్నాను. మోకరించాను. ఆమెన్ అన్నాక కుర్చీ పట్టుకుని లేచాను. ఈసారి ఎవరూ స్తోత్రమనలేదు.

కొట్టు నుంచి కోడి తెప్పించుకునేవాళ్ళకు నా మాట ఇదే. రంగు నమ్మకండి, బోర్డు మీద వాక్యం నమ్మకండి. సూది థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. తొడలో బాగా దళసరిగా ఉన్నచోట, ఎముకకు తగలకుండా గుచ్చండి. సెల్సియస్‌లో డెబ్బై నాలుగు రాకపోతే తిరిగి పొయ్యి ఎక్కించండి. ఇదంతా ప్రార్థనకు ముందే చేయండి. ప్రార్థన అయ్యాక అడగనివ్వరు.